అమ్మ గరాజ్‌లో ఉన్న ఆదివారాలు

పోయిన నెల ట్రాయ్ వెళ్లాను. ఏడో క్లాసులో నా పక్కన కూర్చున్న స్నేహితురాలు తన కూతురి నిశ్చితార్థానికి పిలిచింది. డెట్రాయిట్‌లో విమానం దిగి, కారు అద్దెకు తీసుకుని, దారిలో కాఫీ కోసం ఒక గ్యాస్ స్టేషన్ దగ్గర ఆగాను. కౌంటర్ వెనక ఉన్న పెద్దావిడ మొదలుకొని బయట అద్దాల మీది మంచు గీకుతున్న కుర్రాళ్ల దాకా అందరి ఒంటి మీదా ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ జెర్సీలే. ఈ ఏడు టీమ్ బాగా ఆడుతోందట. "ఈసారి మనదే, హనీ" అంది ఆవిడ చిల్లర చేతిలో పెడుతూ. నవ్వాననే అనుకుంటాను. కారులో కూర్చున్నాక మాత్రం కాఫీ చల్లారిపోయేదాకా ఇంజన్ స్టార్ట్ చెయ్యలేదు. ఆ టీమ్ గెలుస్తోందని వింటే నాకు ఇప్పటికీ భయమే. యాభైకి దగ్గర పడుతున్న ఆడదాన్ని, నా కొడుకు చదువుతున్న కాలేజీలో పేరెంట్స్ కమిటీ నడుపుతున్నదాన్ని, ఒక బంతాట పేరు చెబితే భయపడతానని ఎవరికి చెప్పుకోను? మా ఆయనకి కూడా చెప్పలేదు.

మర్నాడు తిరిగి ఎయిర్‌పోర్ట్‌కి వస్తూ, దారి కాకపోయినా మేం అప్పట్లో అద్దెకున్న ఇంటి ముందు నుంచి డ్రైవ్ చేశాను. ఒకదానికొకటి ఆనుకుని ఉన్న ఇళ్ల వరుసలో మూడోది. గోడల ఇటుక రంగు అలాగే ఉంది. గరాజ్ తలుపు మాత్రం కొత్తది వేశారు, దానికి పైన చిన్న చిన్న గాజు కిటికీలు ఉన్నాయి. మా రోజుల్లో ఆ తలుపుకి కిటికీల్లేవు. మూస్తే పట్టపగలు కూడా లోపల లైటు వేసుకోవాల్సిందే. ఎవరో అమ్మాయి చెత్తడబ్బా లోపలికి లాక్కుంటూ నా వైపు అనుమానంగా చూసింది. నేను చెయ్యి ఊపి వచ్చేశాను.

నాన్న కారు తలుపుల గడియలు డిజైన్ చేసేవాడు. తలుపు వేసినప్పుడు గట్టిగా పట్టుకుని, హ్యాండిల్ లాగితే వదిలేసే ఆ చిన్న ఇనుప ముక్క మీదే ఆయన బతుకంతా గడిచింది. సరుకులు కొనడానికి వెళ్తే పార్కింగ్ లాట్‌లో నిలబడిపోయేవాడు. వెనక ఎవరో కారు తలుపు వేస్తే, తల తిప్పకుండానే "దీని రబ్బరు పోయింది" అనో, "ఇది మా గడియే, విను తల్లీ" అనో చెప్పేవాడు. "ఏమండీ, పాలు పాడైపోతాయి, పదండి" అని అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. విశాఖపట్నంలో పర్మనెంటు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి ఆ గడియల కోసం మమ్మల్ని అంత దూరం తీసుకొచ్చాడు. వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. నేను చెప్పబోయే ఏడాదికి పదమూడు.

ఆ వేసవి చివర్లో కంపెనీ వాళ్లు గడియల విభాగాన్ని మొత్తంగా వేరే దేశానికి తరలిస్తున్నామని ఉత్తరాలు ఇచ్చారు. నాన్నకి ఆఖరి పనిదినం డిసెంబర్ ముప్పై ఒకటి. ఆ లోపల వీసా స్పాన్సర్ చేసే ఇంకో కంపెనీ దొరకాలి. దొరక్కపోతే సామాను సర్దుకోవాలి. గ్రీన్ కార్డ్ కాగితాలు అప్పటికింకా మొదటి మెట్టు మీదే ఉన్నాయి. విశాఖలో వదిలేసి వచ్చిన కుర్చీలో ఎప్పుడో వేరేవాళ్లు కూర్చున్నారు. నలభై ఆరేళ్ల వయసులో వెనక్కి వెళ్లి, ఎవరినో బతిమాలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. ఇవేవీ నన్ను కూర్చోబెట్టి ఎవరూ చెప్పలేదు. ముందుగదిలోంచి పైకి వెళ్లే మెట్లలో మూడో మెట్టు నాది. హోంవర్కు ముందేసుకుని అక్కడ కూర్చుంటే, మా ఇంట్లో జరిగేదంతా దానంతటదే చెవిన పడేది.

ఇంటర్వ్యూలకి నాన్న దగ్గర ఒకే సూటు ఉండేది, ముదురు బూడిద రంగుది. మొదటి ఇంటర్వ్యూ నుంచి వచ్చి, అక్కడ రిసెప్షన్‌లో పిల్ల తన వైపు చూసి ముక్కు చిట్లించిందని, లిఫ్టులో తనకి తనే ఇంగువ డబ్బాలా అనిపించాడని నవ్వుతూ చెప్పాడు. అమ్మ నవ్వలేదు. సూటు తీసుకుని మొహానికి ఆనించుకుని గట్టిగా వాసన చూసింది. ఆ మర్నాటి నుంచి ఇంట్లో పోపు చిటపటలు ఆగిపోయాయి. చేపలకీ వేపుళ్లకీ గరాజ్‌లో ఒక పొయ్యి పెట్టుకోవడం మా వాళ్లలో చాలా ఇళ్లలో ఉన్నదే. అమ్మ చారు కూడా అక్కడే కాచడం మొదలుపెట్టింది. మడత బల్ల మీద ఒంటి కరెంటు పొయ్యి, పక్కన పోపుల డబ్బా, పైన ఒకే ఒక బల్బు. పొగ పోవడానికి గరాజ్ తలుపు జానెడు ఎత్తి ఉంచేది. ఆ సందులోంచి పొగ బయటికి ఎంత పోయేదో తెలియదు గానీ చలి మాత్రం తిన్నగా లోపలికి వచ్చేది. నైటీ మీద నాన్న పాత కోటు, కాళ్లకి ఉన్ని సాక్సులు, బొటనవేలి దగ్గర సాక్సుని లోపలికి నొక్కి వేసుకున్న రబ్బరు చెప్పులు, ఇదీ ఆ మూడు నెలలూ మా అమ్మ వేషం. సూటేమో వంట వాసనకి దూరంగా మేడ మీద బాత్‌రూమ్‌లో, కిటికీ పక్కన, ప్లాస్టిక్ కవర్‌లో దర్జాగా వేలాడేది. మేం స్నానానికి వెళ్లేముందు దాన్ని బయటికి తెచ్చి, స్నానం అయ్యాక ఆవిరి పోయిందో లేదో చూసి మళ్లీ లోపల తగిలించాలి. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండేది.

ఇక తాతయ్య. అమ్మ వాళ్ల నాన్న. బాపట్ల హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరైన మనిషి. ఆరు నెలలు ఉండి వెళ్దామని జులైలో వచ్చాడు. వచ్చిన రెండో నెలలో అల్లుడి ఉత్తరం సంగతి తెలిసి, వెంటనే టికెట్టు మార్పించమని పట్టుబట్టాడు. "మీరుంటే ఇల్లు కళగా ఉంటుంది, ఉండండి మావయ్య గారూ" అని నాన్న వెళ్లనివ్వలేదు. పొద్దున్నే నానబెట్టిన మెంతులు నమిలి, ముందుగదిలో కార్పెట్ మీద నిలబడి, వన్ టూ త్రీ ఫోర్ అని తనకి తనే ఆర్డర్లు వేసుకుంటూ ఎక్సర్‌సైజు చేసేవాడు. ఇంట్లో హీటర్ ఉన్నా మంకీ క్యాప్ తీసేవాడు కాదు. నొప్పి బామ్, మెంతులు, ఉతికిన ఖద్దరు, ఈ మూడూ కలిసిన వాసన వస్తే ఆయన ఏ గదిలో ఉన్నాడో తెలిసిపోయేది. జీవితమంతా పిల్లల్ని వరసల్లో నిలబెట్టినవాడు కాబట్టి మమ్మల్నీ ఎక్కడో ఒకచోట నిలబెడితే గానీ ఆయనకి తోచేది కాదు.

ఊరి టీమ్ సంగతి చెప్పాలి. మేం వచ్చినప్పటి నుంచీ అది ఓడిపోతూనే ఉంది. మేం రాకముందు కూడా అంతేనట. ఆ రోజుల్లో స్టేడియం సీట్లు అమ్ముడుపోకపోతే సొంత ఊళ్లో ఆటని టీవీలో చూపించేవారు కాదు. మా టీమ్ సీట్లు ఎవరు కొంటారు? అందుకని సగం ఆటలు నాన్న రేడియోలోనే విన్నాడు. ఆఫీసులో సోమవారం పొద్దున అందరూ కాఫీ మిషన్ దగ్గర చేరి ముందురోజు ఓటమి గురించి తిట్టుకునేవారు. వాళ్లతో కలిసి తిట్టడానికి నాన్న ఆ ఆట నేర్చుకున్నాడు. తర్వాత నిజంగానే ప్రేమ పుట్టింది. ఆ ఏడు కొత్త కోచ్ వచ్చాడు. వేరే ఊరి టీమ్ వాళ్లు పనికిరాడని వదిలించుకున్న ఒకతన్ని తెచ్చి క్వార్టర్‌బ్యాక్‌గా పెట్టాడు. అంటే బంతి అందుకుని ఎవరికి విసరాలో నిర్ణయించే నాయకుడన్నమాట. "వాణ్ని కూడా వద్దని పంపేశారు తల్లీ. ఎలా ఆడతాడో చూడు" అనేవాడు నాన్న. వాడు ఆడినా మొదటి ఐదు ఆటలూ పోయాయి. పేపర్లో కోచ్ బొమ్మకి గాడిద చెవులు గీశారు. నాన్నకి ఆ ఐదు వారాల్లోనూ ఇంటికొచ్చిన ఉత్తరాలన్నీ ఒకే రకం. మీ అనుభవం మమ్మల్ని ఎంతో ఆకట్టుకుంది అని మొదలయ్యేవి. మొదటి వాక్యం చదవగానే మడిచి డ్రాయర్లో పెట్టేసేవాడు.

ఆరో ఆట వేరే ఊళ్లో జరిగింది కాబట్టి టీవీలో వచ్చింది. సోఫా ఎడమ మూల నాన్న, కిటికీ పక్క మడత కుర్చీలో తాతయ్య, మూడో మెట్టు మీద నేను. అమ్మ గరాజ్‌లో సాంబారుకి ఉల్లిపాయలు వేయిస్తోంది. ఆఖరి నిమిషంలో మా క్వార్టర్‌బ్యాక్ విసిరిన బంతిని ఎవడో సన్నటివాడు గాల్లో పట్టుకుని గీత అవతల పడ్డాడు. గెలిచేశాం. తాతయ్యకి ఆట ఒక్క ముక్క కూడా తెలియదు గానీ, గెలవడం ఏమిటో తెలుసు. రేడియోలో క్రికెట్ కామెంటరీ వింటూ, మనవాళ్లు బాగా ఆడుతున్నంతసేపూ ఇంట్లో ఎవరినీ మంచినీళ్లకి కూడా లేవనివ్వని తరం ఆయనది. వెంటనే లేచి నిలబడి చెయ్యెత్తాడు.

"వచ్చే ఆదివారం ఎవళ్లు ఎక్కడున్నారో అక్కడే ఉండాలి. అల్లుడు గారూ, మీది ఆ మూల. అమ్మడూ, నువ్వు ఆ మెట్టు దిగావో, చెవి మెలేస్తాను. అమ్మాయేదీ?"

"గరాజ్‌లో ఉంది తాతయ్యా, ఉల్లిపాయలు వేయిస్తోంది."

"అయితే ఆట అయ్యేదాకా అక్కడే ఉండమను."

అమ్మ తలుపు తీసుకుని లోపలికి వచ్చి, కళ్లు తుడుచుకుంటూ అంతా వింది. "నేను లోపలికొస్తే అంత దరిద్రమా నాన్నా?" అంది.

"దరిద్రం ఏంటే పిచ్చిదానా. నువ్వే మన అదృష్టం. ఆ అదృష్టం గరాజ్‌లో ఉంది, అంతే."

నాన్న పగలబడి నవ్వాడు. ఉత్తరం వచ్చాక ఆయన అలా నవ్వడం అదే మొదటిసారి. అమ్మ ఆయన మొహం చూసింది. "సరేలెండి, ఎలాగూ అక్కడే చస్తున్నాగా" అని మళ్లీ గరాజ్‌లోకి వెళ్లిపోయింది. ఆ వారం మేం దాన్ని ఆటగానే అనుకున్నాం. తర్వాతి ఆదివారం టీమ్ మళ్లీ గెలిచింది. ఆ పైవారం కూడా గెలిచింది. అప్పటి నుంచీ అది ఆట కాకుండా పోయింది. మధ్యాహ్నం ఒంటిగంటకి ముందే తాతయ్య మా అందరినీ మా మా స్థానాల్లో చూసుకుని, గరాజ్ తలుపు తనే వేసి వచ్చేవాడు. స్టేడియం నిండడం మొదలయ్యాక సొంత ఊరి ఆటలు కూడా టీవీలో వచ్చాయి. మూడు గంటల పాటు అమ్మ అక్కడ ఏదో ఒకటి చేస్తూ ఉండేది. వంట అయిపోతే పప్పు ఏరేది. అదీ అయిపోతే పాత బట్టలకి బొత్తాలు కుట్టేది. నవంబర్‌లో మంచు పడ్డాక ఒకసారి, ఆట మధ్య విరామంలో, చూద్దామని తలుపు తీస్తే, పొయ్యి మీద ఉత్త నీళ్లు మరిగించుకుంటూ ఆవిరికి చేతులు పెట్టి నిలబడి ఉంది. "తలుపు వెయ్యవే, ఇంట్లోకి వాసనొస్తుంది" అంది. అక్కడ ఆ రోజు ఏ వాసనా లేదు.

ఊరంతా మారిపోయింది. మా స్కూల్ బస్సు డ్రైవర్, జన్మలో నవ్వనివాడు, పిల్లలకి చాక్లెట్లు పంచాడు. నాన్న ఆఫీసులో, పోయే ఉద్యోగాల మధ్యనే, సోమవారాలు పండగలా ఉండేవట. ఆయన మాత్రం లోలోపల ఒక ఒప్పందం చేసుకున్నాడు. టీమ్ గెలుస్తూ ఉంటే తనకీ ఉద్యోగం వస్తుందని. అది నాకు ఎలా తెలుసంటే, నేనూ అదే ఒప్పందం చేసుకున్నాను. ఆదివారం గెలుపు వచ్చేది. మంగళవారమో బుధవారమో మీ అనుభవం మమ్మల్ని ఆకట్టుకుంది అని ఉత్తరం వచ్చేది. అయినా లెక్క తప్పిందని మాకు తోచలేదు. ఇంకా కొన్ని ఆటలు మిగిలి ఉన్నాయిగా అనుకునేవాళ్లం. డిసెంబర్ వచ్చేసరికి ఒకే ఒక ఆశ మిగిలింది. ఇండియానాలో ఒక ప్లాంట్. అక్కడికి నాన్న రెండుసార్లు ఆరు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లి ఇంటర్వ్యూ ఇచ్చి వచ్చాడు. అక్కడి మేనేజర్ తన గడియల గురించి ఒక గంట మాట్లాడాడని, ఆఖర్న పార్కింగ్ లాట్ దాకా వచ్చి తన కారు తలుపు వేసి చూశాడని మురిసిపోతూ చెప్పాడు.

డిసెంబర్ మొదటి ఆదివారం మా టీమ్ ఒక పాయింటు వెనక ఉంది. రెండు నిమిషాల ఆట మిగిలింది, బంతి మా చేతిలో ఉంది. ఆ ఒక్కటీ గెలిస్తే ఆఖరి పోటీల్లోకి, అంటే ప్లేఆఫ్స్‌లోకి, అడుగు పెట్టినట్టే. ఎన్నో ఏళ్లుగా ఆ టీమ్ అటువైపు తొంగి చూడలేదు. సరిగ్గా అప్పుడు ఫోన్ మోగింది. మా ఫోన్ వంటింట్లో, గరాజ్‌లోకి వెళ్లే తలుపు పక్క గోడకి ఉండేది. మామూలు రోజుల్లో అమ్మ అక్కడే ఉంటుంది కాబట్టి ఆవిడే తీసేది. నాన్న సోఫాలోంచి సగం లేచాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, ఒక కన్ను టీవీ మీదే ఉంచి.

"నాన్నా, సీటు" అన్నాను నేను.

తాతయ్య కూడా అన్నాడు, తర్వాత. "మిషనుందిగా అల్లుడు గారూ, అది చూసుకుంటుంది." కానీ ముందు అన్నది నేను. నాన్న నా వైపు చూసి, గట్టిగా నవ్వేసి, కూర్చున్నాడు. మోగి మోగి ఆన్సరింగ్ మిషన్ టక్కుమంది. తాతయ్య మధ్యాహ్నం నిద్రకి అడ్డమని దాని వాల్యూమ్ ఎప్పుడో తగ్గించేశాం, అవతలి గొంతు ముందుగదిలోకి వినపడలేదు. ఇద్దరు మనుషులు కింద పడి లేచారు, గడియారం ఆగింది, ఒకతను పరిగెత్తుకొచ్చి బంతిని తన్నాడు. అది రెండు స్తంభాల మధ్య నుంచి వెళ్లింది. నాన్న నన్ను మెట్టు మీద నుంచి ఎత్తి గిరగిరా తిప్పాడు. పదమూడేళ్ల పిల్లని. తాతయ్య గరాజ్ తలుపు తీసి, "రావే అమ్మాయ్, గెలిపించావు" అని పిలిచాడు. అమ్మ పళ్లెం నిండా పకోడీలు పట్టుకుని వచ్చింది. చేతులు ఎర్రగా కంది ఉన్నాయి. అందరం తిన్నాం. ఆ ఆఖరి తన్నుని నాన్న అమ్మకి రెండుసార్లు చెప్పాడు, ఖాళీ పళ్లేన్ని బంతిలా పట్టుకుని.

చాలాసేపటికి మంచినీళ్ల కోసం వంటింట్లోకి వెళ్లి, మిషన్ మీద ఎర్రలైటు చూసి బటన్ నొక్కాడు. నేను ఆయన వెనకే ఉన్నాను. ఇండియానా మేనేజర్. ఆదివారమైనా ప్లాంట్‌లోనే ఉన్నానన్నాడు. మీరూ ఇంకొకరూ మిగిలారు, నాకైతే మీరే కావాలి, వీసా విషయం మా లాయర్‌తో మాట్లాడాను, జనవరిలో చేరతానని మీ నోటి మాట ఒక్కటి చాలన్నాడు. నాలుగున్నర దాకా ఇక్కడే ఉంటాను, ఆ తర్వాత విమానం ఎక్కాలి, ఈలోగా మీ నుంచి ఫోన్ రాకపోతే మీకు వేరేచోట కుదిరిందనుకుని రెండో అతని పేరు పంపించేస్తానన్నాడు. గోడ మీద గడియారం ఐదు కావడానికి పదిహేను నిమిషాలు తక్కువ చూపిస్తోంది. నాన్న ఫోన్ చేశాడు. మోగుతూనే ఉంది. మళ్లీ చేశాడు. రిసీవర్ పెట్టేసి నన్ను చూశాడు. కోప్పడితే బాగుండేది.

"ఎవరంట?" అని ముందుగదిలోంచి తాతయ్య అడిగాడు.

"ఎవరో కార్పెట్లు కడుగుతారట మావయ్య గారూ" అన్నాడు నాన్న. మెసేజ్ చెరిపేశాడు. అమ్మ పకోడీ పళ్లెం సింకులో పెట్టి నీళ్లు తిప్పింది.

మంగళవారం నాన్న నన్ను లైబ్రరీ నుంచి తీసుకొస్తూ కారులో చెప్పాడు. రెండో అతను సోమవారం పొద్దునే ఒప్పేసుకున్నాడట. "అమ్మకి చెప్పకు తల్లీ. తాతయ్యకి అసలు చెప్పకు. ఆయన తట్టుకోలేడు." సిగ్నల్ దగ్గర కారు ఆపి, "నువ్వు చిన్నపిల్లవి. లేవాల్సింది నేను కదా" అన్నాడు. ఈ మాట నాకు ఓదార్పు కావాలని అన్నాడు. ఇన్నేళ్లలో ఒక్కనాడూ కాలేదు. నేను కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. ఆయన రేడియో పెట్టాడు. అందులో టీమ్ గురించే మాట్లాడుతున్నారు, ఆయనే ఆపేశాడు.

ఆ తర్వాత ఇంకో మూడు ఆదివారాలు మిగిలాయి. నా జ్ఞాపకంలో అన్నిటికన్నా చెడ్డవి అవే. నాన్న అదే మూలలో కూర్చునేవాడు, నేను అదే మెట్టు మీద, తాతయ్య అదే కుర్చీలో. గరాజ్ తలుపు తాతయ్య వేసి వచ్చేవాడు. అమ్మని లోపలికి పిలవాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే ఫోన్ సంగతి చెప్పాలి. అందుకని నాన్న పిలవలేదు, నేనూ పిలవలేదు. అక్కడ గడ్డకట్టే చలిలో ఆవిడ నిలబడితే, ఇక్కడ మేమిద్దరం టీవీ ముందు దొంగల్లా కూర్చున్నాం. టీమ్ మూడూ గెలిచింది. గెలిచిన ప్రతిసారీ నాన్న చప్పట్లు కొట్టాడు, తాతయ్య చూస్తున్నాడని. నాకు ఆ ఆటగాళ్లంటే, ఆ కోచ్ అంటే, ఆ బంతి అంటే అసహ్యం పుట్టింది. ఆ ఊళ్లో అంత ఆనందం మధ్య నాకు తెలిసిన దుఃఖం ఎవరికీ అక్కర్లేదనిపించింది.

టీవీ క్రిస్మస్ ముందు అమ్మేశాం. సోఫా ఎవరో వచ్చి పట్టుకుపోయారు. కార్పెట్ మీద దాని కాళ్లు నొక్కుకున్న నాలుగు గుంటలు మిగిలాయి. సూటు నాన్న పెట్టెలో పెట్టుకోలేదు, చర్చి దగ్గర దానం బట్టలు వేసే డబ్బాలో వేసి వచ్చాడు. అమ్మ ఆఖరి రోజుల్లో ఇంట్లోనే పోపు వేసింది. ఇల్లంతా ఆవాలూ ఎండుమిరపకాయల ఘాటు. తాతయ్య గట్టిగా తుమ్మి, "ఇప్పుడు ఇల్లులా ఉంది" అన్నాడు. ఎయిర్‌పోర్ట్‌లో సామాను తూచే అతను టీమ్ టోపీ పెట్టుకుని ఉన్నాడు. మా టికెట్లు చూసి, "వచ్చే వారమే ప్లేఆఫ్స్. చూడాల్సిన టైమ్‌లో వెళ్లిపోతున్నారే" అన్నాడు నాన్నతో. నాన్న, "గెలుస్తారు లెండి" అన్నాడు.

విశాఖలో నాన్న ఒక చిన్న వర్క్‌షాపులో చేరాడు. తర్వాత ఒక ప్రైవేట్ కాలేజీలో, తనకంటే పదిహేనేళ్లు చిన్నవాడైన హెడ్ కింద, పిల్లలకి డ్రాయింగ్ చెప్పాడు. అక్కడ కారు తలుపు వేసిన చప్పుడికి ఆయన ఆగి వినడం నేను చూడలేదు. తాతయ్య ఆరేళ్లకి పోయాడు, అల్లుడికి ఆ అమెరికా వాళ్లు అన్యాయం చేశారని చివరిదాకా నమ్ముతూ. నాన్న పదకొండేళ్ల కిందట పోయాడు. నేను పై చదువుకి ఇక్కడికే వచ్చాను, నాన్న అద్దెకున్న దేశంలోనే కాపెల్ అనే ఊళ్లో ఇల్లు కొనుక్కున్నాను, అమ్మని తెచ్చుకున్నాను. నా వంటింట్లో పొగని బయటికి లాగేసే పెద్ద ఫ్యాన్ ఉంది. పోపు వెయ్యడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆఫీసులో మా టీమ్‌లోని తెలుగు కుర్రాళ్లు ఉద్యోగం పోతే ఎన్ని రోజులు ఆగొచ్చో ఫోన్‌లో లెక్కలు చూసుకుంటూ ఉంటారు. వాళ్లకి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే ఉంది, ఫోన్ మోగితే తియ్యండి. అది విని నవ్వుతారు. ఫోన్ వాళ్ల జేబులోనే ఉంటుంది మరి. నేను మాత్రం స్నానంలో ఉన్నా సరే, తడిచేత్తో వచ్చి తీస్తాను. ఎవరో కార్పెట్లు కడుగుతామనే చేస్తారు.

ట్రాయ్ నుంచి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం, అమ్మ వంటింట్లో కూర్చుని గోంగూర ఆకులు తుంచుతోంది. డెబ్బై అయిదు దాటినా చేతులు చురుకే. చలి పడితే మాత్రం వేళ్ల చివర్లు ఇప్పటికీ తెల్లబడతాయి. ఇల్లు చూసొచ్చానని చెప్పాను. గరాజ్ తలుపు మార్చారన్నాను. తర్వాత, ఎలా వచ్చిందో తెలియదు, అంతా చెప్పేశాను. ఫోన్ మోగిందని, నాన్న లేవబోతే నేనే కూర్చోమన్నానని, అది కార్పెట్ల వాళ్లది కాదని. చెబుతూ ఆవిడ మొహం చూడలేకపోయాను. అమ్మ కాడలు ఒక పక్కకి, ఆకులు ఒక పక్కకి వేస్తూనే ఉంది.

"నాలుగు సార్లు మోగింది" అంది.

నాకు అర్థం కాలేదు.

"తలుపు అవతలే కదే నేనుంది. వినపడదా? పిడి మీద చెయ్యి కూడా వేశాను. ఆదివారం పూట ఎవరు చేస్తారు, ఉద్యోగం వాళ్లే అయ్యుంటారనిపించింది కూడాను. ఇంతలో లోపల మీ నాన్న నవ్వు వినపడింది. ఎన్నాళ్లకో నవ్వుతున్నారు. నేనొచ్చి అది పోగొట్టానంటే ఏం మొహం పెట్టుకుంటాను? చెయ్యి తీసేశాను."

"మరి నాన్నకి చెప్పలేదా?"

"ఆయన కార్పెట్లన్నారుగా. ఆయన అబద్ధం ఆడితే నాకు తెలీదా? ఏమనుకుంటాం, సరేననుకున్నాం."

అంటే ఆ మూడు ఆదివారాలూ ఆవిడ తెలిసే అక్కడ నిలబడింది. అమ్మ ఆకులన్నీ గిన్నెలోకి తోసి, కాడలు కాగితంలో చుట్టింది.

"ఇంతకీ చివరికి ఏమైందే ఆ టీమ్? మనం వెళ్లిపోయాక?"

"మొదటి ఆటలోనే ఓడిపోయిందట అమ్మా. నా ఫ్రెండ్ ఉత్తరం రాసింది."

అమ్మ గోంగూర గిన్నె దగ్గరికి లాక్కుంది.

"ఓడిపోదూ మరి" అంది. "అప్పుడు గరాజ్‌లో నేను లేనుగా."